మూత తీసిన డబ్బా

రేడియేషన్ ఇవ్వని గోడలు కూడా గోడలేనా అండీ! ఊరికే నిలబడి కప్పు మోయడం ఏ గోడైనా చేస్తుంది.

మా మేడ మీద గది గోడలు అలాంటి సోమరివి కావు. ఎరువుల ఫ్యాక్టరీ వెనక గుట్టలా పేరుకున్న తెల్ల పొడితో చేసిన పలకలవి. రాతిలో ఎన్నో యుగాలుగా పడుకున్న రేడియం ముందు ఆ పొడిలోకి చేరింది, తర్వాత పలకలోకి, చివరికి మా ఇంట్లోకి. పైగా సహజమైనది! సబ్బు మీద ‘సహజం’ అని రాస్తే కళ్ళకద్దుకుని కొంటాం. గోడ ఉత్తినే ఇస్తుంటే ముఖం చిట్లించడం న్యాయమా?

మూడేళ్ళుగా మా అమ్మాయి చదువూ నిద్రా ఆ గదిలోనే. ఏసీ చల్లదనం పోకుండా కిటికీలు కూడా బిగించేశాం.

పలకలు ఇళ్ళకు చేరిన మూడేళ్ళకు ఎవరికో అనుమానం వచ్చి సర్టిఫికెట్ అడిగారు. ఏమి తొందర! పరీక్ష మా బావమరిది పనిచేసే ల్యాబ్‌కే వచ్చింది. పొడిని ఆరబెట్టి, డబ్బాలో నింపి, గాలి చొరకుండా మూత బిగించి నెల రోజులు కదపకుండా ఉంచాలట. రేడియం నుంచి పుట్టే గ్యాస్ లోపల నిండాకే యంత్రం అసలు అంకె చెబుతుందట.

నెల రోజులా! ఫ్యాక్టరీ మేనేజర్ అన్నాళ్ళూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా?

అదృష్టం కొద్దీ ల్యాబ్ పెద్దాయనది వెన్నలాంటి మనసు. మూడో ఫోన్‌కే కరిగి, పదో రోజునే డబ్బా తెప్పించుకున్నారు. లోపల ఉన్నది ఆ పొడేనా అని మూత తీసి మరీ చూశారు. ఎంత బాధ్యత! తెరిచిన డబ్బా సాయంత్రం దాకా బల్ల మీదే ఉంది. గ్యాస్ షికారుకు వెళ్ళిపోయింది. తర్వాత యంత్రంలో పెడితే అంకె బుద్ధిగా ప్రమాదపు గీత కింద కూర్చుంది.

మొన్న భోజనాల దగ్గర బావమరిది ఇదంతా చెప్పాడు. మిగిలిన పొడిని తనే విడిగా నెల రోజులు మూసి ఉంచి చూశాడట. అంకె గీత దాటేసిందట.

“మరి సర్టిఫికెట్ మీద సంతకం ఎలా పెట్టావురా?” అంది మా ఆవిడ.

“పెట్టనన్నానక్కా. నన్ను స్టోర్ రూమ్‌కి తోసేసి ఆయనే పెట్టుకున్నాడు.” చెయ్యి కడుక్కోకుండానే నా వైపు తిరిగాడు. “బావా, ముందా కిటికీలు తియ్యి. పిల్లని ఇవాళ్టి నుంచీ కింద పడుకోబెట్టండి.”

వట్టి పిరికివాడు! సర్టిఫికెట్ మీద గుండ్రటి సీలు ఉండగా భయమెందుకు? అయినా చుట్టరికం చెడకూడదని మాత్రమే కిటికీలు తీశాను. మంచం నేనే కిందికి మోశాను.

కాబట్టి పరీక్ష సరిగ్గా జరగలేదని ఎవరూ నోరు జారకండి. మూత గట్టిగా బిగించాలి, కదపకూడదు, ఓపిక పట్టాలి. నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించాం.

డబ్బాలో పొడికి నెల రోజులు దొరకలేదు, అంతే. గదిలో మా అమ్మాయికి మూడేళ్ళు దొరికాయి.