అడవి పాఠానికి వచ్చిన మేక

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. తప్పులుంటే సర్దుకోండి. నెమ్మదిగా రాశాను, మీరూ నెమ్మదిగానే చదవండి.

సింగానల్లూరులో కుప్పమ్మాళ్ కోడలు కళైవాణి తన పిల్లలిద్దరినీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తోంది. అలాగే చదివించే మరికొన్ని కుటుంబాలతో కలిసి, ఆ శనివారం కారమడై అవతలి అడవి పార్కులో పిల్లలకు చెట్లూ పిట్టలూ చూపించి పాఠం చెప్పాలని ఏర్పాటు చేసుకుంది. కుప్పమ్మాళ్ భర్త అయ్యసామికి ఈ చదువు గిట్టదు.

"ఈ ఒక్క తూరి నేనూ వచ్చి చూస్తా. చదువనేది కంటికి అవుపడలేదంటే జూన్‌లో ఇద్దురూ బడికే" అని ముందే తేల్చేశాడు.

కోడలి పరువు తన చేతిలోనే ఉందనుకుంది కుప్పమ్మాళ్. తెల్లవారకముందే లేచి అండా నిండా పులిసాదం, అదే మన పులిహోర, కలిపింది. మనవరాలు సత్యకు తలంటి, పట్టుపావడ కట్టి, జడనిండా మల్లెలు పెట్టింది.

"ఆకులేరే పిల్లకు పట్టుపావడ ఎందుకత్తా?" అంది కళైవాణి.

"నలుగురిలోకి పొయ్యే పిల్ల. నువ్వు పాఠం చూసుకో, పిల్లను నేను చూసుకుంటా."

వ్యాను ఎక్కే వేళకు పక్కింటి పళనియమ్మాళ్ వాకిలి చిమ్ముతోంది. బయల్దేరేవాళ్ళను ఎక్కడికని అడిగితే వెళ్ళే పని చెడుతుందని అక్కడి నమ్మకం. అందుకని ఆమె అడగలేదు. అడగలేదు కనుక కుప్పమ్మాళ్ చెప్పలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు, మర్యాద నిలబడింది.

కానీ చూపుకు అడ్డేముంది? అండా, పట్టుపావడ, మల్లెలు, కారమడై దిక్కుకు తిరిగిన వ్యాను. అయ్యసామి వాళ్ళ కులదైవం గుడి ఆ దారిలోనే ఉంది. సత్యకు ఇంకా చెవులు కుట్టలేదు. పళనియమ్మాళ్ చీపురు గోడకు ఆనించి, కళైవాణి అన్న దొరైకి ఫోన్ చేసింది.

"ఏమప్పా దొరై, పిల్లకు చెవులు కుట్టేది మేనమామ ఒళ్ళో కదా? అందురూ బయల్దేరిపోతే నువ్వింకా ఇంట్లోనే ఉండావే?"

చెల్లెలిని అడగడానికి దొరైకి రోషం అడ్డొచ్చింది. చుట్టాలకు మాత్రం అడ్డం లేకుండా చెప్పాడు. కాసేపటికి రెండు వ్యాన్ల నిండా జనం, మేనమామ పెట్టే కానుకల సీరు తట్టలు, చెవులు కుట్టే ఆసారి, ఒక మేక తయారైనారు. గుడి దగ్గర ఎవరూ లేరు. ఇంకాస్త ముందుకు పోతే పార్కు గేటు ముందు అయ్యసామి కనబడ్డాడు.

"పిలవకపోయినా వచ్చినాం. మేనమామ బతికే ఉండాడు" అంటూ దొరై తట్టలు దింపించాడు.

"అన్నా, ఇది చదువు ట్రిప్పు."

"చదువుకు అంత అండా ఎందుకమ్మా?"

కుప్పమ్మాళ్ అండా వైపు చూడకుండా చెట్ల వైపు చూసింది.

గార్డు మాత్రం అన్నీ చూశాడు. "చదువని చెప్పి పూజకు వచ్చినారా? పొయ్యీ మేకా లోపలికి విడవం. మీది చదువుకునే గుంపే అయితే హెడ్‌మాస్టరు ఎవరు?"

కళైవాణి కళ్ళు నిండాయి. అయ్యసామి గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులోంచి జూన్ నెల బయటికొచ్చేలోగా కుప్పమ్మాళ్ ఆయన్ను మోచేత్తో ముందుకు తోసింది.

"ఇదో, వీరే హెడ్‌మాస్టరు. వచ్చినోళ్ళంతా పిల్లల పెద్దోళ్ళు. మేక ఏ ఆకు తినిందో, ఏ ఆకు విడిసిందో పిల్లోళ్ళు చూసి రాసుకోవాల. గేటు బయటే కట్టేస్తాం."

గార్డు నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. "వణక్కం అయ్యా. మొదటే చెప్పకూడదా?"

యూనిఫాం వేసుకున్న మనిషి తనకు సెల్యూట్ కొట్టడం అయ్యసామి జన్మలో అదే మొదలు. అదీ చుట్టాలందరి ఎదుట. ఆయన భుజం మీది తుండు సర్దుకున్నాడు.

"అందురూ వరసలో నిలవండి. దొరై, నువ్వూనూ."

తిరుగుదారిలో గుడి ముందు, మేనమామ ఒళ్ళోనే సత్యకు చెవులు కుట్టారు. మేకను మాత్రం పిల్లలు కొయ్యనివ్వలేదు, పాఠం ఇంకా పూర్తికాలేదన్నారు. పళనియమ్మాళ్ పుణ్యమా అని తెల్లారేసరికి వీధంతా అయ్యసామిని హెడ్‌మాస్టరు అనే పిలిచింది.

"మరి జూన్‌లో పిల్లలు?" అని కుప్పమ్మాళ్ నెమ్మదిగా అడిగింది.

"హెడ్‌మాస్టరు ఇంటి పిల్లలు వేరే బడికి పోతే వీధిలో తలెత్తుకునేదెట్లా?" అన్నాడాయన.

జూన్ వచ్చింది. పాఠాలు ఇంట్లోనే మొదలైనాయి, రోజూ హాజరు పిలిచేది హెడ్‌మాస్టరే. ఆ ఇంట్లో సెలవు దొరకనిది అయ్యసామి ఒక్కడికే.

— రంగనాయకి అమ్మాళ్, డెబ్బై ఒకటి నడుస్తోంది. ఇప్పుడుండేది తిరుమంగళంలో, కూతురింట్లో.