రాజుగారిని నవ్వించిన అర్జీ

ఒక పెద్ద అడవిలో ఎన్ని జాతుల జంతువులుంటే అన్ని భాషలుండేవి. కప్పల మాట కప్పలది, కొంగల మాట కొంగలది. సింహరాజు కచేరీలో మాత్రం సింహభాష ఒక్కటే చెల్లేది. దాహం వేసినా, దెబ్బ తగిలినా, సింహభాషలో రాసిస్తేనే అది దాహమూ దెబ్బా అయ్యేది.

ఆ అడవికి తూర్పున ఒక చిన్న మడుగు. అందులో కూర్మమ్మ అనే ముసలి తాబేలు ఉండేది. నూట ముప్పయ్యో ఏట అక్షరాలు దిద్దింది. ముందు తన భాషలో దిద్దింది. ఎలాగూ చెయ్యి తిరిగింది కదా అని తరవాత సింహభాషలోనూ దిద్దింది. తడి ఇసుకలో గోటితో తన పేరు రాసుకుని, చుట్టూ తిరిగి నాలుగు పక్కల నుంచీ చూసుకునేది. ఇంత ముసలి ప్రాణం అంత చిన్న గీతల్లో ఎలా పట్టిందా అని ఆశ్చర్యపోయేది.

ఆ వేసవిలో కొండ మీంచి ఒక బండ దొర్లివచ్చి, మడుగులోకి నీళ్ళు తెచ్చే కాలవకు అడ్డం పడింది. మడుగు రోజుకో బెత్తెడు తగ్గిపోసాగింది. ఏనుగులు తోస్తే అది అరపూట పని. కానీ రాజముద్ర పడనిదే ఏనుగులు గడ్డిపోచ కూడా కదపవు.

"అత్తా, నీకు చదువొచ్చు కదా. ఒక అర్జీ రాసిపెట్టు" అంది పక్క రాతి కింద కాపురముండే కప్ప చుక్కమ్మ. "నా పిల్లలు ఇంకా తోకలతోనే ఈదుతున్నారు. కాళ్ళు రాకముందే నీళ్ళు పోతే వాళ్ళేమవుతారు?"

కూర్మమ్మ మూడు రోజులు కూర్చుని తాటాకు మీద రాసింది. 'కాలవకు బండ అడ్డం పడింది. మడుగు ఎండుతోంది. తీయించండి.' అంతే. పరాయిభాషలో ఆ మూడు ముక్కలకే తల ప్రాణం తోకకు వచ్చింది. తాబేలుకి తోక ఎంతుంటుందో తెలుసు కదా, ప్రాణం ఎంత ఇరుకున పడిందో ఊహించుకోండి.

కచేరీ గుమాస్తా కొంగ ఒంటికాలి మీద నిలబడి అర్జీ చదివాడు.

"మామ్మగారూ, తప్పుల్లేవు. కానీ సరదా లేదు."

"సరదా ఏమిటి నాయనా?"

"కొత్త ఉత్తర్వు. అర్జీలు వింటూ రాజుగారికి నిద్ర ముంచుకొస్తోందట. ఇకమీదట వినోదంగా ఉన్నవే తీసుకోమన్నారు."

"నీళ్ళు లేవన్న సంగతి వినోదంగా ఎలా రాయాలి?"

"అది చెప్పడానికే చిలక మాస్టారున్నారు. రెండు జాంపళ్ళు పట్టుకెళ్ళండి."

చిలక మాస్టారు జన్మలో ఒక్క అర్జీ రాసినవాడు కాదు. ఎలా రాయాలో మాత్రం నలభై పాఠాలు కంఠస్థం. కూర్మమ్మ చెట్టు కింద కూర్చుని మెడ నొప్పెట్టేలా పైకి చూస్తూ విన్నది.

"మొదటి మాటకే వినేవాడి మెడ పట్టుకోవాలి. మీది కాని భాషలో పెద్ద మాటల జోలికి పోకండి, కాలు జారతారు. మధ్య మధ్య హాస్యం చల్లండి. ఏదీ, మీకొచ్చిన హాస్యం ఒకటి చెప్పండి."

కూర్మమ్మ సిగ్గుపడుతూనే తాబేళ్ళలో తరతరాలుగా చెప్పుకునే హాస్యం ఒకటి సింహభాషలోకి మార్చి చెప్పింది. మాస్టారు కాసేపు ఆగాడు. ఇంకాసేపు ఆగాడు.

"ఇందులో నవ్వెక్కడ?"

"రేపు పొద్దుటికి వస్తుంది మాస్టారూ. మా వాళ్ళకి అలాగే వస్తుంది."

"సింహాలకి అంత ఓపిక ఉండదు. ఎదుటివాళ్ళు కిందపడితే చాలు, వాళ్ళకి అక్కడికక్కడే నవ్వొస్తుంది."

కూర్మమ్మకి తాను పడిన సంగతి గుర్తొచ్చింది. మొన్న ఎండిన గట్టు మీంచి జారి వెల్లకిలా పడి, పూటంతా కాళ్ళు ఆకాశంలో ఆడించింది. అదే రాసింది. ఆకాశంలో నడిచి ఎంత దూరం వెళ్ళిందీ, దారిలో ఏ మబ్బు పలకరించిందీ, అన్నీ చేర్చి రాసింది. చివర్లో బండ సంగతి.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. తోక విసురుకి సిరాబుడ్డి ఎగిరిపోయింది. మూడుసార్లు చదివించుకుని కూర్మమ్మకి శాలువా పంపారు.

"మరి బండ?" అంది కూర్మమ్మ.

"ఆ ముక్క వచ్చేసరికి ఇంకా నవ్వుతూనే ఉన్నారు" అన్నాడు కొంగ. "ఇంకొకటి రాయమన్నారు."

ఇక్కడే కూర్మమ్మ బుద్ధి గడ్డి తింది. పరాయిభాషలో తాను రాసింది చదివి రాజే నవ్వాడంటే మాటలా? శాలువా కప్పుకుని మడుగు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసింది. నున్నటి డిప్ప మీద శాలువా నిలవదు. జారినప్పుడల్లా ఆగి సర్దుకునేది. ఎవరూ చూడకపోతే, చూసేదాకా సర్దుకునేది.

రెండో అర్జీ రాసింది, మూడోదీ రాసింది. మడుగులో మొహం కడుక్కోవడానికి తాను చీటీ రాసుకుని వరసలో నిలబడ్డానని రాసింది. చుక్కమ్మ అలవాటు కొద్దీ నీళ్ళనుకుని దూకితే దుమ్ము లేచిందని, చుక్కమ్మ తుమ్మిన తుమ్ముకి పిల్లలు పిడుగనుకున్నారని రాసింది. రాజుగారు పడీపడీ నవ్వారు.

"నేను దుమ్ములో పడ్డది నవ్వులాట అయిందా అత్తా?" అంది చుక్కమ్మ.

"నీళ్ళ కోసమే కదే రాసింది."

"నీళ్ళేవి మరి? శాలువా పిండితే రాలతాయా?"

కూర్మమ్మ తల డిప్పలోకి లాక్కుంది. తాబేలుకి ఈ సదుపాయం ఒకటుంది, జవాబు లేనప్పుడు ఇంటికి వెళ్ళనక్కర్లేదు.

నాలుగో అర్జీకి రాజపత్రమే వచ్చింది. 'హాస్యకూర్మ' అని బిరుదు. తన పేరు సింహభాషలో, బంగారు రంగులో. కూర్మమ్మ నాలుగు పక్కల నుంచీ చూసుకుంది. వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుంది. చదివే అలవాటు చెడ్డది, ఒకచోట ఆగనివ్వదు. కింద ఇంకో పంక్తి ఉంటే అదీ చదివింది.

'సదరు బండను ఎవరూ కదపరాదు. కదిపితే మామ్మ ఏం రాస్తుంది?'

అప్పటికి మడుగు చాటంత మిగిలింది. అందులో చుక్కమ్మ పిల్లలు ఒకరి తోక మీద ఒకరు పడి కొట్టుకుంటున్నారు. చుక్కమ్మ నోట్లో పట్టినన్ని నీళ్ళు ఎక్కణ్ణించో తెచ్చి వాళ్ళ మీద పోస్తోంది, మళ్ళీ వెళుతోంది.

కూర్మమ్మ శాలువా తీసి, ఎండ తగలకుండా ఆ చాటంత నీళ్ళ మీద పందిరి వేసింది. తాటాకు తీసుకుంది. ఒక్క హాస్యమూ రాలేదు. ఎంత పిండినా మొదటి అర్జీలోని మూడు ముక్కలే వచ్చాయి. 'కాలవకు బండ అడ్డం పడింది. మడుగు ఎండుతోంది. తీయించండి.' చివర 'పిల్లలున్నారు' అని చేర్చింది. చదువుకుంటే తనకే ఆవులింత వచ్చింది.

కొంగ అర్జీ విప్పి చూడనైనా లేదు. "హాస్యకూర్మగారి రాతకి తనిఖీ ఏమిటి మామ్మగారూ" అని నేరుగా లోపలికి తీసుకెళ్ళాడు. కూర్మమ్మ గుమ్మం పక్కనే ఒదిగి నిలబడింది.

రాజుగారు రాణులందరినీ పిలిపించి, మీసాలు సర్దుకుని కూర్చున్నారు. మొదటి వాక్యానికి, నవ్వు వెనకాల వస్తోందేమోనని ఎదురుచూశారు. రెండో వాక్యానికి ఆవులించారు. మూడో వాక్యం గురకలో కలిసిపోయింది.

కొంగ చప్పుడు కాకుండా రాజుగారి పంజా ఎత్తి, సిరాలో ముంచి, అర్జీ మీద ఒత్తేశాడు.

"ఇదేమిటి నాయనా?" అంది బయటికొచ్చిన కొంగతో కూర్మమ్మ.

"పాత ఆనవాయితీ. రాజుగారు నిద్రపోతే పని ఆగకూడదని, చేతిలో ఉన్న అర్జీకి ముద్ర వేయించేస్తాం. అలా అడవిలో పనులన్నీ అయిపోతూ వచ్చాయి. ఇలా పనులన్నీ తీరిపోతే రేపు మా గడప ఎవరు తొక్కుతారని కచేరీ పెద్దలకి భయం పట్టుకుని, వినోదం ఉత్తర్వు తెచ్చారు."

కొత్త ముద్ర పడ్డాక పాత ఉత్తర్వు చెల్లదు గనక, సాయంత్రానికి ఏనుగులు బండ తోసేశాయి. కాలవ బురదగా, తరవాత తేటగా పారింది. చుక్కమ్మ పిల్లలు తోకలాడిస్తూ నాలుగు దిక్కులకీ చెదిరిపోయారు. అందరూ ఈదుతుంటే కూర్మమ్మ ఒక్కతే గట్టు మీద కూర్చుంది.

"ఏమత్తా, దిగవేం?" అంది చుక్కమ్మ.

"ఏం లేదే. పిల్లలున్నారు అని రాశాను చూడు, ఆ ముక్క చేరేలోపే నిద్రపోయాడు. నా రాతలో ఆ ముక్క ఒక్కటే బాగా వచ్చింది."

చుక్కమ్మ ముందుగా నవ్వింది. కూర్మమ్మకి మాత్రం తన జాతి ఆచారం ప్రకారం మర్నాడు పొద్దుటికి నవ్వొచ్చింది.

అప్పటినుంచి ఆ అడవిలో చదువు నేర్చే ప్రతివారికీ ఓనమాలకంటే ముందు చెప్పే మాట ఇది: నవ్వించిన అర్జీకి శాలువా, నిద్రపుచ్చిన అర్జీకి రాజముద్ర.