నడిమి పేజీలో లుద్విక

ఆ ఉదయం జెనోన్ పెట్టుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నంలోగా పత్రిక పేజీలన్నీ ప్రెస్సుకి పంపేసి, ఇంటికెళ్ళి వేడిగా బీట్‌రూట్ చారు తాగి పడుకోవడం. వూచ్ నగరంలో నేతమిల్లు మూసేస్తున్నారు. యూనియన్ పత్రికకి ఇదే ఆఖరి సంచిక. మూసేవాళ్ళకి వీడ్కోలు విందులుంటాయి; మిల్లుని మోసినవాళ్ళకి కనీసం ఫొటో అయినా ఉండాలని జెనోన్ పట్టుదల. ముఖ్యంగా లుద్వికకి. సమ్మెలు నడిపిన మనిషి. ఎప్పుడు ఫొటో తీసినా బ్యానరు పట్టుకుని దాని వెనకే ఉండిపోయింది. పత్రికలో ఆమె ముఖం ఒక్కసారి కూడా పడలేదు.

అందుకే నడిమి రెండు పేజీలూ కలిపి ఒకే గ్రూపు ఫొటో పరిచాడు. మధ్యలో ఉన్న లుద్విక ముఖం మడతకి తగలకుండా ఎడమ పేజీలోకి జరిపాడు. ఫొటో అంచుల్ని కాగితం దాటనిచ్చాడు. ప్రెస్సులో ఆ మిగులు కోసేస్తారు, దాన్ని బ్లీడ్ అంటారు.

ఫొటోలో ఎడమ చివర నిలబడ్డ తెయోఫిలా వచ్చి కంప్యూటర్ తెరలోకి తొంగిచూసింది.

"ఈ గీతేంటి తమ్ముడూ?"

"అక్కడిదాకా కోస్తారక్కా."

"మరి నా చెయ్యి?"

"మోచెయ్యి వరకే పోతుంది."

"పాతికేళ్ళు మగ్గం నడిపిన చెయ్యిరా ఇది. మిల్లు డైరెక్టరు కోయలేనిది నువ్వు కోస్తావా?"

జెనోన్ ఫొటోని చిన్నది చేశాడు. చెయ్యి దక్కింది, చుట్టూ తెల్లజాగా మిగిలింది. అది యూనియన్ కార్యదర్శి బోగుమిలా కంటపడింది.

"ఇంత ఖాళీ వదిలేశావేంటి?"

"వైట్ స్పేస్ అంటారు మేడం. కంటికి ఊపిరాడుతుంది."

"ఊపిరి కావాలంటే కిటికీ తియ్యి. ఆఖరి సంచికలో మనకి చెప్పడానికేం లేదనుకుంటారు. అందరి పేర్లూ పెట్టు."

ఎడమ పక్క ఒక కాలమ్ కట్టి పేర్లన్నీ దించాడు. ఆ కాలమ్ ఫొటోని కుడికి నెట్టింది. ప్రతి సంచికకీ తెల్లకాగితాలు మడిచి, పిన్నులు కొట్టి, డమ్మీ చేసి చూసుకునే మనిషి, ప్రెస్సువాడు ఫోను మీద ఫోను చేస్తుంటే ఆ రోజు మానేశాడు. తెర మీద మడత ఉండదు, పిన్నులుండవు. పంపేశాడు.

పత్రిక అచ్చయి వచ్చింది. తెయోఫిలా మోచెయ్యి నిక్షేపంగా ఉంది. పేర్లలో ఒక్క తప్పు లేదు. లుద్విక ముక్కు మీదుగా మడత, నుదుట్లో ఒక పిన్ను, గౌను మీద ఇంకో పిన్ను.

ఆమె ఇంటికి తనే పట్టుకెళ్ళాడు. "తప్పు నాదే అక్కా. దిద్దడానికి ఇంకో సంచిక కూడా లేదు."

లుద్విక కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కుంది. "ఓహో, ఇక్కడున్నానా. పోలీసు లాఠీ కూడా ఇంత సూటిగా తగల్లేదురా."

కూరల కత్తితో పిన్నులు లేపి, నడిమి కాగితం లాగి బల్ల మీద సాపు చేసింది. మిగతా పేజీలు, జెనోన్ రాసిన సంపాదకీయంతో సహా, బల్ల కింద పడ్డాయి. ముఖం దొరికింది, చిల్లు మిగిలింది.

"అందరం ఉన్నాం కదా," అంది. "మళ్ళీ ఇలా ఎక్కడ నిలబడతాం?"

జెనోన్ వంగి, బల్ల కింద పడ్డ పేజీలు ఏరాడు.

ఆమెని చూసి పేటలో ఆడవాళ్ళంతా పిన్నులు పీకి, ఆ కాగితాన్ని వంటింటి గోడలకి అంటించుకున్నారు. సంపాదకీయం ఎవరూ చదవలేదు. అచ్చుకి కాగితం ఇచ్చేది మిల్లే కాబట్టి పత్రికలో వేయక తప్పని డైరెక్టరుగారి వీడ్కోలు సందేశం, నిలువెత్తు ఫొటోతో, ఆ కాగితం వెనకవైపే ఉంది. ఆయన ఇంటింటా గోడకి ముఖం పెట్టుకుని నిలబడ్డాడు.

జెనోన్ ఇన్నేళ్ళ లేఅవుట్‌లో అందరికీ నచ్చేలా కుదిరిన స్థానం ఆయనదొక్కటే.