క్షయ రద్దు సభ

మా ప్రాంతంలో క్షయవ్యాధిని ఆరోగ్య మంత్రిగారు ఆ మధ్య ఒక బహిరంగ సభలో రద్దు చేశారు. ఇంత సాహసం ఏ వైద్యుడూ చేయలేదు. మైకు సెట్టు నాదే కాబట్టి చరిత్రను దగ్గరుండి విన్నాను.

"ఇవాళ్టి నుంచి టీబీ లేదు!" అన్నారు మంత్రిగారు.

"జిందాబాద్" అనబోయి మా బాబాయి దగ్గాడు. ఆయన పార్టీకి ఆస్థాన నినాదకర్త. పార్టీ ఆఫీసులో, కిటికీ లేని గదిలో, మరో తొమ్మిది మంది కార్యకర్తలతో పడుకుంటాడు.

వేదిక మీదున్న పెద్ద డాక్టరమ్మ లేచింది. "సార్, ప్రపంచంలో ఏటా కోటి మందికి పైగా టీబీ వస్తోంది. నలుగురిలో ఒకరి ఒంట్లో ఆ క్రిమి నిద్రపోతూ ఉంటుందని అంచనా."

మంత్రిగారు వేదికను లెక్కపెట్టారు. సరిగ్గా నలుగురు.

"మనలో ఎవరమ్మా?"

"అలా చెప్పలేం సార్."

"అయితే ఒకరు దిగిపోండి. ముగ్గురికి ఈ లెక్క వర్తించదు."

పరిపాలనాదక్షత అంటే అదీ! డాక్టరమ్మే దిగింది. కింద నుంచే, "పేదవాళ్ళకి, ఇరుకు గదుల్లో ఉండేవాళ్ళకి, తిండి చాలనివాళ్ళకి ఎక్కువగా వస్తుంది సార్. అలాగని గాలి ఎవరి ఆదాయమూ అడగదు" అంది.

"అడిగేలా ఆర్డర్ వేద్దాం!"

సభ చప్పట్లతో ఊగిపోయింది.

మర్నాడే క్షయ ఆసుపత్రి బోర్డుకు రంగేసి 'ఊపిరి విహార కేంద్రం' అని రాయించారు. రోగుల్ని సందర్శకులు అనమన్నారు. దెబ్బకి రోగుల సంఖ్య సున్నా అయింది. సందర్శకులు మాత్రం వరండా దాటి మెట్ల మీదికి వచ్చారు. మంత్రిగారు పర్యాటక శాఖను అభినందించారు.

ఈలోగా బాబాయి చొక్కాలో మనిషి సగమయ్యాడు. తువ్వాలు మీద రక్తం చూసి ఓ పొద్దున నేనే ఆ విహార కేంద్రానికి లాక్కెళ్ళాను. "నాకు టీబీ అంటే పార్టీ పరువేం కావాల్రా?" అని దారంతా గొణిగాడు.

కఫం పరీక్ష అయ్యాక నర్సు, "టీబీయే. కంగారు పడకండి, మందులు మానకుండా వాడితే తగ్గిపోతుంది" అంది. నా ప్రాణం కుదుటపడింది. బాబాయి తన పేరు, పార్టీ ఆఫీసు చిరునామా చెప్పాడు. మందుల బీరువా తెరవబోయిన ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మీకు ఎప్పట్నుంచో ఇస్తున్నామే! ఈ పేరు మీద ప్రతి నెలా నేనే పొట్లం కట్టి మంత్రిగారి బంగళాకు పంపుతున్నాను. ఒకే మనిషికి మందులు రెండుసార్లు రావండీ."

నేను నోరు తెరిచేలోపే బాబాయి నా భుజం పట్టుకుని ఊపేశాడు. కళ్ళనిండా నీళ్ళు.

"విన్నావట్రా! అంత పెద్ద మనిషికి నా పేరు గుర్తుంది!"