పొగగొట్టానికి దిండు గలీబు

విదాద్ బాల్కనీ కడ్డీని తెల్లగుడ్డతో తుడుస్తోంది. రోజూ పొద్దున్నే చేసే పనే. ఈరోజు మాత్రం ఆ గుడ్డను ఉతకదు. నల్లబడ్డదాన్ని అలాగే మడతపెట్టి, పదింటికి కాఫీకి రాబోతున్న అబూ మర్వాన్ ముందు పెట్టాలని ఆమె ఆలోచన. బేరూత్‌లోని ఆ సందులో ప్రభుత్వ కరెంటు పోయినప్పుడల్లా నలభై ఇళ్లకు వెలుగిచ్చే డీజిల్ జనరేటర్ అతనిదే. దాని పొగగొట్టం గోడ వెంట పైకి పాకి, సరిగ్గా విదాద్ బాల్కనీకి చెయ్యి చాచినంత దూరంలో నోరు తెరుచుకుని ఉంటుంది.

ఆమె కూతురు, ఏడేళ్ల యారాకు దగ్గు తగ్గడం లేదు. డీజిల్ పొగలోని మసి కంటికి కనిపించనంత సన్నం, ఊపిరితిత్తుల అడుక్కి పోయి కూర్చుంటుంది, గొట్టానికి ఫిల్టరైనా పెట్టించండి, ఇల్లైనా మారండి అన్నాడు డాక్టరు. ఇల్లు మారడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు.

"గుడ్డ చూపిస్తే ఏమంటాడో తెలుసా? మీ ఇంటి దుమ్మంటాడు. మసిని గొట్టం దగ్గరే పట్టుకోవాలి," అన్నాడు ఆమె భర్త ఘస్సాన్. బడిలో రసాయనశాస్త్రం చెప్పే మనిషి.

కరెంటు పదింటిదాకా ఉంటుంది కాబట్టి జనరేటర్ నిద్రపోతోంది. ఘస్సాన్ తెల్లటి దిండు గలీబొకటి తడిపి, గొట్టం మూతికి తొడిగి, తీగ చుట్టసాగాడు.

"అది మా అమ్మ పువ్వులు కుట్టిచ్చింది," అంది విదాద్.

"పది నిమిషాలు పొగ పట్టనీ. నల్లబడ్డాక విప్పి అతని ఒళ్లో పెడతాను."

అంతలో పై అంతస్తు నుంచి ఉమ్ నబీల్ తొంగిచూసింది. "ఏంటయ్యా అది తెల్లగా? ఫిల్టరు పెట్టించాడా ఏంటి, ఆ మహానుభావుడు?"

పళ్ల మధ్య తీగ కొస ఉండటంతో ఘస్సాన్ "ఊఁ" అని ఊరుకున్నాడు. విదాద్ అసలు సంగతి చెప్పేలోగా పైన తల మాయమైంది.

ఫిల్టరు వచ్చిందన్న కబురు పాకి, అరగంటలో సందంతా తెల్లబడింది. ఏళ్ల తరబడి ఇంట్లోనే ఆరిన దుప్పట్లన్నీ బాల్కనీల్లోకి వచ్చేశాయి.

"ఉమ్ నబీల్, ఒక్క మాట విను," అని విదాద్ పైకి పిలిచింది.

"తర్వాత, తల్లీ. నా దుప్పట్లు ఎండ మొహం చూసి మూడేళ్లయింది."

అబూ మర్వాన్ సందులో అడుగుపెట్టగానే పైనుంచి పెళ్లికొడుక్కి చల్లినట్టు బియ్యం చల్లారు. ఒక ముసలాయన అతని నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఎందుకని అతను అడగలేదు. తిట్లు తప్ప ఎరగని మనిషికి అడగబుద్ధి కాలేదు.

"మీ సందువాళ్లకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది," అంటూ మీసంలోని బియ్యం దులుపుకుని విదాద్ వాళ్ల బాల్కనీలో కూర్చున్నాడు.

"చెప్పేద్దామా?" అని గొణిగాడు ఘస్సాన్.

"ముందు కాఫీ తాగనీ," అంది విదాద్.

పైనుంచి ఉమ్ నబీల్ గొంతు వినిపించింది. "నీ చేతులు చల్లగుండ, అబూ మర్వాన్. పిల్లల ఊపిరి నిలబెట్టావు. ఫిల్టరు ఎప్పుడు పెట్టించావు? ఒక్క మాట చెప్పలేదే?"

అతను క్షణం ఆలోచించాడు. "చేసింది చెప్పుకునే అలవాటు లేదమ్మా నాకు," అన్నాడు.

అప్పుడే కరెంటు పోయింది. కింద ఇంజను దానంతటదే అందుకుంది. గలీబు పొయ్యిలో రొట్టెలా ఉబ్బింది. దాని మీది గులాబీ పువ్వులను అబూ మర్వాన్ ఆశ్చర్యంగా చూస్తుండగానే ఢామ్మని పేలింది.

పొగ పలచబడేసరికి సందులో తెల్లటి వస్తువేదీ మిగల్లేదు. అబూ మర్వాన్ తెల్లచొక్కా కూడా నల్లబడింది. అతను దగ్గుతున్నాడు, అచ్చం యారాలాగే.

"ఇదేం ఫిల్టరయ్యా?" అంది ఉమ్ నబీల్, నల్లటి దుప్పటి చేత్తో పట్టుకుని.

ఇది నాది కాదు అనడానికి అతను నోరు తెరిచాడు. కానీ అలా అంటే, మరి నీదేది అని అడుగుతారు. నెత్తి మీద బియ్యం ఇంకా అలాగే ఉంది. యారా వచ్చి, కాఫీ పళ్లెంలో అమ్మ మడతపెట్టి ఉంచిన గుడ్డ అందించింది. "తుడుచుకో మామా. దీంతోనే పొద్దున అమ్మ కడ్డీ తుడిచింది. ఇదీ నల్లగానే ఉందిలే."

అతను ఆ గుడ్డ మడత విప్పి చూశాడు. తర్వాత లేచి, సందంతా వినేలా, "ఇది నాసిరకం. అసలుది శుక్రవారం పెట్టిస్తున్నాను," అన్నాడు.

"శుక్రవారమట, అందరూ విన్నారుగా?" అంది విదాద్.

"విన్నాం," అన్నాయి నలభై బాల్కనీలు.

అబూ మర్వాన్ వంగి, కింద పడ్డ తీగ చుట్టును తీశాడు. ఫిల్టరుకు కావలసిన గొట్టం మూతి కొలత అందులో ఉంది. దాన్ని జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, ఇంట్లోంచి వెళ్లిపోయాడు. బాల్కనీ నుంచి గడపదాకా అతని అడుగులు నల్లగా, స్పష్టంగా పడ్డాయి. శుక్రవారం దాకా విదాద్ వాటిని తుడవదలచుకోలేదు.