గరిటె చేతిలో రిమోట్

ఆదివారం ఆటలో దంగేటి వీరభాస్కరం కాగితం మీద తయారుచేసిన రిమోట్ మరమనిషి సోమవారం ఉదయం ఏడున్నరకి వచ్చి తలుపు కొట్టింది. ఆయన భార్య హైమ తలుపు తీసి, చెప్పులు బయట విడిచి రమ్మంది.

"చెప్పుల్లేవండి. చక్రాలు," అంది మరమనిషి.

"అయితే చక్రాలు తుడుచుకుని రా. ఇప్పుడే తడిగుడ్డ పెట్టాను."

కాకినాడలో ఇది కొత్త సంగతేమీ కాదు. భాస్కరం, మరో ముగ్గురు స్నేహితులు ప్రతి ఆదివారం ఫిజిక్స్ లెక్చరర్ జోగారావు గారి డైనింగ్ టేబుల్ చుట్టూ చేరి అంతరిక్షం ఆట ఆడేవారు. జోగారావు గారు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు ఒక ఓడలో సిబ్బంది. ఎవరేం చేస్తారో నోటితో చెప్పి పాచికలు వేస్తారు. భాస్కరం ఆ ఓడకి ఇంజనీరు. ఓడకి మరమనిషి కావాలంటే ఇంజనీరు ఒక కాగితం నింపాలి. చేతిలో నూరు పాయింట్లుంటాయి. బలానికి ఇన్ని, చూపుకి ఇన్ని, ఓపికకి ఇన్ని, రిమోట్ ఎంత దూరం పనిచేయాలో దానికి ఇన్ని అని పంచాలి. మొత్తం సరిగ్గా నూరైతే ఆ యంత్రం మర్నాడు ఇంటికి వస్తుంది. తొంభై తొమ్మిదైతే రాదు. అందుకే ఇరుకిళ్లవాళ్లు ఒక పాయింటు కావాలని వదిలేస్తారు. భాస్కరం కాలువల కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్. పదిహేడేళ్లుగా స్కేలు పట్టిన మనిషి. లెక్కలో ఒకటి తక్కువుంటే ఆయనకి అన్నం సయించదు.

గ్రహాల మీద మట్టి తోడటానికని దానికి ఒక చెయ్యి గరిటెలా పెట్టాడు. దాంతో హైమ దాన్ని గరిటె అని పిలిచింది, ఆ పేరే ఖాయమైంది. రిమోట్ దూరం రెండు కిలోమీటర్లు చాలనుకున్నాడు. ఆ దూరం దాటితే ఉన్నచోటే ఆగిపోవాలని భద్రత కోసం ఒక షరతు కూడా రాశాడు. మిగిలిన పాయింట్లన్నీ ఓపికలో పోశాడు.

ఇలా వచ్చిన యంత్రాలని ఏడు రోజుల్లోగా కాగితపు యంత్రాల నమోదు కార్యాలయంలో చూపించాలి. భాస్కరం మంగళవారం సెలవు పెట్టి గరిటెని తీసుకెళ్లాడు. కౌంటర్లో విజయదుర్గ గారు ఒక చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, మరిది పెళ్లిలో వడ్డించిన పనసకాయ కూర గురించి మాట్లాడుతూ టైపు చేశారు. సర్టిఫికెట్ వచ్చింది. అందులో నియంత్రించువారు అన్న చోట గరిటె అనీ, నియంత్రింపబడువారు అన్న చోట దంగేటి వీరభాస్కరం అనీ ఉంది.

"మేడమ్, ఇది తిరగబడిందండి," అన్నాడు భాస్కరం.

ఆవిడ చూశారు. "అవునండోయ్. కానీ లామినేషన్ అయిపోయిందండి మరి."

నిబంధన ప్రకారం రిమోట్‌ని నియంత్రించువారికి అందజేసి సంతకం తీసుకున్నారు. గరిటె మొదటి మీట నొక్కింది. భాస్కరం వెనక్కి తిరిగి, మెట్లు దిగి, ఇంటికి నడిచాడు.

గరిటె చెడ్డది కాదు. భాస్కరాన్ని ఐదున్నరకి లేపేది, నడకకి పంపేది, షర్టు టక్ చేయించేది. వారానికి రెండుసార్లు అత్తగారికి ఫోన్ చేయించి, ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి పూర్తిగా వినిపించేది. హైమ మొదటి రెండు రోజులు కంగారు పడింది. మూడో రోజు ఆయన తిన్న కంచం ఆయనే కడగడం చూసి, సర్టిఫికెట్ సరిచేయమని అర్జీ పెట్టడానికి అంత తొందరేం లేదేమో అంది.

"నీకు నవ్వులాటగా ఉందా?" అని అడుగుదామనుకున్నాడు భాస్కరం. నోటి నుంచి "ఇంకో గిన్నె ఏమైనా ఉందా?" అని వచ్చింది.

ఆదివారం ఆటకి బయల్దేరితే రైల్వే వంతెన మధ్యలో కాళ్లు ఆగిపోయాయి. జోగారావు గారిల్లు మూడు కిలోమీటర్లు. రెండో కిలోమీటరు దగ్గర ఆయన విగ్రహంలా నిలబడిపోయాడు. వెనక ఆటోలు హారన్లు కొట్టాయి. ఒక పెద్దాయన దిగొచ్చి ఆయన్ని పరిశీలించి, "రేంజి అయిపోయినట్టుందిరా, పక్కకి జరపండి," అన్నాడు. ఇద్దరు ఎత్తి ఇవతల దించారు.

అసలు కష్టం ఆఫీసులో వచ్చింది. రేకుల కాలనీ పక్కనుంచి పోయే మురుగు కాలువ మీద తూము కట్టడం పూర్తయిందని చూపే డ్రాయింగు ఒకటి రెండేళ్లుగా భాస్కరం బల్ల మీద ఉంది. పది సంతకాలు పడ్డాయి, పదకొండోది ఆయనది. ఆయన అప్పట్లో సైకిలేసుకుని వెళ్లి చూశాడు. తూము లేదు. నాలుగు రాళ్లు, వాటి మీద ఒక మేక ఉన్నాయి. వచ్చి, తూమొస్తే సంతకం పెడతానన్నాడు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్రినాథమూర్తి గారు బతిమాలారు, కేకలేశారు, చివరికి ఆయనతో మాట్లాడటం మానేశారు. భాస్కరం ఉద్యోగ జీవితంలో ధైర్యంగా చేసిన పని అదొక్కటే. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

గరిటె ఆ విషయాలేవీ ఎరగదు. ఆఫీసు కాగితం ఒకచోటే ఉండిపోతే కదిలించాలని మాత్రం దానికి అర్థమైంది. రెండో బుధవారం పదకొండింటికి భాస్కరం చెయ్యి లేచింది. ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుందామనుకున్నాడు, ఎడమ చెయ్యి కాగితం కదలకుండా పట్టుకుంది. సంతకం పడింది, తేదీతో సహా. త్రినాథమూర్తి గారు స్వయంగా వచ్చి భుజం తట్టారు.

"మొత్తానికి దారిలో పడ్డావయ్యా. ఆ యంత్రానికి ఒక దండ వెయ్యాలి."

ఆ సాయంత్రం భాస్కరం గరిటె ఎదురుగా కూర్చున్నాడు. నోరు తనకి వదలమని కళ్లతో అడిగాడు. గరిటె మీట మీంచి చెయ్యి తీసింది.

"అక్కడ తూము లేదు," అన్నాడు. "వానొస్తే నీళ్లు ఇళ్లల్లోకి పోతాయి. మనుషులున్నారక్కడ."

"నాకు చెప్పాల్సిందండి," అంది గరిటె.

"ఎలా చెప్పమంటావు? అత్తగారి మోకాళ్ల గురించి మాట్లాడిస్తున్నావు కదా!"

మర్నాడు గరిటె తనే నమోదు కార్యాలయానికి వెళ్లింది. నియంత్రింపబడేవారి అర్జీ చెల్లదు, నియంత్రించేవారి అర్జీ చెల్లుతుంది. అయినా విజయదుర్గ గారు చాలా కాగితాలు అడిగారు. గరిటె పంతొమ్మిది రోజులు క్యూలో నిలబడింది. ఇరవయ్యో రోజున కొత్త సర్టిఫికెట్ ఇచ్చి, రిమోట్ భాస్కరం చేతిలో పెట్టారు. ఆయన దాన్ని జేబులో వేసుకుని, తిన్నగా ఆఫీసుకి వెళ్లి, ఆ డ్రాయింగు కావాలని అడిగాడు.

త్రినాథమూర్తి గారు కోప్పడలేదు. బీరువా లోంచి తీయించి బల్ల మీద పరిచి, ఎర్ర పెన్ను కూడా ఇచ్చారు.

"కొట్టెయ్యి. ఇప్పుడు నీ చెయ్యి నీదేగా," అన్నారు. "నీ సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ ప్రమోషన్ ఆర్డరు మాత్రం రేపు వద్దామని చూస్తోంది. నీ ఇష్టం."

గదిలో అందరూ పనులు ఆపి చూశారు. భాస్కరం పెన్ను పట్టుకున్నాడు. అప్పుడు పడిన తన సంతకం ఎంతో చక్కగా ఉంది. దాని చుట్టూ మరో పది సంతకాలున్నాయి. వాటిలో దేనికీ యంత్రం అవసరం రాలేదు. ఎవరో తనని వెనక్కి లాగుతున్నారనిపించి కిటికీ లోంచి చూశాడు. గరిటె కింద సైకిల్ స్టాండు దగ్గర రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని, ఆయన పని ముగించుకుని వస్తాడని పైకి చూస్తోంది. ఆయన పెన్నుకి మూత పెట్టాడు.

ఇంటికొచ్చాక హైమ అడిగింది. "కొట్టేశారా?"

"లేదు."

"ఎవరాపారు?"

"ఎవరూ ఆపలేదు."

ఆవిడ అన్నం వడ్డించింది. గరిటె ఆయన వైపు ఒకసారి తిరిగి, మళ్లీ గోడ వైపు తిరిగింది.

కార్తీకమాసంలో వాయుగుండం పట్టి మూడు రోజులు వాన కురిసింది. మురుగు కాలువ వెనక్కి తన్ని రేకుల కాలనీలోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. నీళ్లు దిగాక విచారణ సంఘం వచ్చి, డ్రాయింగు మీది పదకొండు మందినీ వరసగా కూర్చోబెట్టింది. మీ చేత సంతకం ఎవరైనా పెట్టించారా అన్నది మొదటి ప్రశ్న. భాస్కరం మొదటి సర్టిఫికెట్ తీసి చూపించాడు. అది నిజమైన సర్టిఫికెట్టే, తేదీ సరిపోయింది. తర్వాత నాలుగు నెలలు ఎందుకు ఊరుకున్నారని సంఘం అడుగుతుందనీ, అడిగితే నిజం చెప్పాలనీ ఆయన సిద్ధపడే వెళ్లాడు. సంఘం అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పే గడి ఫారంలో లేదు.

అది చూసి మిగతా పదిమందికీ జ్ఞాపకాలు తిరిగొచ్చాయి. తమ చెయ్యి కూడా దానంతటదే లేచిందన్నారు. ఆఫీసు రెండు కిలోమీటర్ల లోపే ఉంది కాబట్టి సాంకేతికంగా అభ్యంతరం లేకపోయింది. వాళ్లు సంతకాలు పెట్టే నాటికి గరిటె ఇంకా పుట్టలేదని ఒక సభ్యుడు అన్నాడు. ఆయనకి టీ ఇచ్చారు. చివరగా గరిటెని పిలిచారు. అది భాస్కరం వైపు చూసింది. భాస్కరం జేబులో చెయ్యి పెట్టి మీట నొక్కాడు.

"ఆయ్, నేనే పెట్టించానండి," అంది గరిటె.

సంఘం సంతృప్తి చెందింది. గరిటెని అదే ఆఫీసు వరండాలో శాశ్వతంగా కూర్చోబెట్టాలనీ, ఇకపై సిబ్బంది అంతా దాని అధీనంలో ఉన్నట్టే భావించాలనీ సిఫార్సు చేసింది. ఆఫీసులో పని మునుపెన్నడూ లేనంత వేగంగా సాగింది. ఉద్యోగంలో చేరేవాళ్లు మొదటి రోజే ఆ మేరకు పత్రం రాసిచ్చేవారు. మిగిలిన శాఖలు కూడా తమకొక యంత్రం కావాలని జోగారావు గారికి ఉత్తరాలు రాశాయి. ఆయన ఆట ఇప్పుడు వారానికి ఆరు రోజులు నడుస్తోంది. సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ భాస్కరం రోజుకి నలభై డ్రాయింగుల మీద సంతకం పెడుతున్నాడు. చెయ్యి నొప్పి కూడా లేదు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం రేకుల కాలనీ నుంచి పోలిపల్లి తాయారు అనే ఆవిడ వచ్చింది. ఆవిడ బట్టలు కుట్టుకుని బతుకుతుంది. వరద నీళ్లలో మిషను తుప్పు పట్టి తిరగడం మానేసింది. ఎవర్ని అడగాలో చెప్పమంటే అందరూ వరండా చూపించారు. ఆవిడ గరిటె ముందు గచ్చు మీద చతికిలపడి, అంతా మొదట్నుంచి చెప్పింది. నీళ్లు ఏ గుమ్మం దాకా వచ్చాయో, పక్కింటి ముసలమ్మని తలుపు రెక్క మీద ఎలా మోసుకెళ్లారో, ఏయే ఆఫీసుల చుట్టూ తిరిగిందో చెప్పింది. గరిటె అడ్డు రాకుండా విన్నది. రిమోట్ ఆ సమయంలో భాస్కరం సొరుగులో ఉంది. ఎవరూ నొక్కలేదు.

"తప్పయిపోయిందమ్మా," అంది గరిటె.

తాయారు దాని మొహంలోకి చూసింది. ఇన్ని నెలల్లో ఆ మాట ఆవిడతో ఎవరూ అనలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుని, లేచి, దానికి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

భాస్కరం పై అంతస్తు కిటికీ లోంచి ఇదంతా చూశాడు. ఆవిడ గేటు దాటేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి తర్వాతి డ్రాయింగు ముందుకు లాక్కున్నాడు.