ముందు మీరు కూర్చోండి

ఆ శుక్రవారం కోటేశ్వరరావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసు చేరడం, తొమ్మిదీ ఐదుకి మేనేజరు ట్రెవర్ చేత ఒక ఉత్తరం మీద సంతకం పెట్టించుకోవడం, తొమ్మిదింబావుకి పనిలో పడటం. వర్క్ పర్మిట్ పొడిగించడానికి కంపెనీ ఇవ్వాల్సిన ఉత్తరం అది. మధ్యాహ్నం పన్నెండులోగా రెండు వీధుల అవతలి సర్కారు ఆఫీసులో ఇవ్వకపోతే, నెలాఖరుకి భార్యనీ కూతుర్నీ పెట్టెలతో సహా ఇండియా విమానం ఎక్కించాలి. ట్రెవర్ వారమంతా ఊళ్లో లేడు. మిగిలింది ఈ ఒక్క పూటే.

"సంతకం లేకుండా ఇంటికి రాకండి," అంది సీతాలక్ష్మి టిఫిన్ డబ్బా చేతికిస్తూ. "శరణ్య నిన్న స్కూల్లో జులూ పాట నేర్చుకొచ్చి రాత్రంతా అదే పాడింది. పిల్ల ఇప్పుడిప్పుడే ఇక్కడ నవ్వుతోంది. నా గోంగూర కూడా ఇన్నాళ్లకి నాలుగాకులు వేసింది. ఇప్పుడు నేను కదిలేది లేదు."

"సంతకమేగా! ఐదు నిమిషాల పని," అన్నాడు కోటేశ్వరరావు. ఆయన జీవితంలో ఐదు నిమిషాల పని అన్నదేదీ ఐదు నిమిషాల్లో అయింది లేదు. అయినా ప్రతిసారీ అలాగే అంటాడు.

అది తొంభై ఆరో సంవత్సరం. దక్షిణాఫ్రికాలోని డర్బన్ గ్రే స్ట్రీట్‌లో ఒక చీరల కొట్టు పైన మూడో అంతస్తులో ఉంది ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ. చక్కెర మిల్లుల్లో చెరకు లారీలు తూచే ప్రోగ్రాములు రాస్తుంది. మేనేజరు కాక ఎనిమిది మంది ఉద్యోగులు. అక్కడి మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగుతాయి గానీ మన సౌకర్యం కోసం తెలుగులో చెప్పుకుందాం.

ట్రెవర్ చెడ్డవాడు కాదు. తెల్లవాళ్ల పాలన పోయి దేశం మారింది కాబట్టి ఆఫీసు కూడా మారాలని మనస్ఫూర్తిగా నమ్మిన తెల్లాయన. మారడం ఎలాగో తెలియక పోర్ట్ షెప్‌స్టోన్‌లో ఒక హోటల్లో జరిగిన నాలుగు రోజుల సెమినారుకి వెళ్లాడు. అక్కడినుంచే ఫోను చేసి తన గది గోడ ఊడగొట్టించాడు. ఇకనుంచి ఆయన బల్ల అందరి మధ్యా ఉంటుంది. ఎవరూ "సార్" అనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మేనేజరన్నవాడు కూర్చోకూడదు, అందరి దగ్గరికీ తిరుగుతూ ఉండాలి.

గోడ ఉన్న జాగాలో ఇప్పుడు పైకప్పునుంచి రెండు నోటీసులు వేలాడుతున్నాయి. పైదాని మీద "ఇక్కడ అందరం ఒకే కుటుంబం" అని ఉంది. కిందిదాని మీద "కొత్త మిల్లు పని ఉన్నందువల్ల కుటుంబమంతా ఇకనుంచి శనివారాలు కూడా వస్తుంది" అని ఉంది. సరిగ్గా ఆ నోటీసుల కిందే కోటేశ్వరరావు కుర్చీ.

ఇక్కడ ఆయన మోకాళ్ల సంగతి కాస్త చెప్పాలి. విశాఖలో ఒక ప్రభుత్వ కర్మాగారంలో పద్నాలుగేళ్లు పనిచేసిన మోకాళ్లవి. అధికారి గదిలోకి వస్తే వాటంతటవే లేస్తాయి, అధికారి కూర్చునేదాకా వంగవు. ఇన్నాళ్లూ ట్రెవర్ వస్తూనే నేరుగా గదిలోకి పోయి కూర్చునేవాడు కాబట్టి అర నిమిషంలో గండం గడిచేది. ఇప్పుడు గదీ లేదు, కూర్చునే ఉద్దేశమూ లేదు.

తొమ్మిదింటికి ట్రెవర్ చిరునవ్వుతో లోపలికొచ్చాడు. కోటేశ్వరరావు ఉత్తరం చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. ట్రెవర్ కొత్త పద్ధతి ప్రకారం అటు చివరినుంచి పలకరింపులు మొదలుపెట్టాడు. పక్క కుర్చీలో మెర్విన్ తలెత్తి చూశాడు. మూడు తరాల కిందట చెరకు తోటల కూలికి వచ్చిన తెలుగువాళ్ల మనవడు. వాళ్ల నాయనమ్మ తిట్లూ కేకలూ తప్ప మరో తెలుగు ముక్క రాదు. శనివారాలు ఫుట్‌బాల్ ఆడతాడు కాబట్టి ఉదయంనుంచీ ఆ నోటీసు వంక కొరకొరా చూస్తున్నాడు.

"ఏంటన్నా, ఎందుకు నిలబడ్డావ్?" అన్నాడు.

అధికారి ఉండగా గుసగుసలు మర్యాద కాదు. కోటేశ్వరరావు పెదాల మీద వేలు పెట్టుకుని "ష్" అన్నాడు.

మెర్విన్ ఆయన్ని చూశాడు, ఆయన చేతిలో కాగితం చూశాడు, ఆయన తలమీద శనివారం నోటీసు చూశాడు. ఇది నిరసనే అనుకున్నాడు. రెండేళ్లుగా ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి! వెంటనే తనూ లేచాడు. రిసెప్షన్‌లో ఉండే ఇవోన్ ఎందుకని కళ్లతో అడిగితే నోటీసు వైపు చూపించాడు. ఇవోన్ లేచింది. నాలుగు నిమిషాల్లో ఆఫీసంతా లేచింది. రిటైరవడానికి రెండేళ్లున్న లచ్మన్ కూడా మోకాళ్ల నొప్పులతో బల్ల పట్టుకుని లేచాడు.

ట్రెవర్ వెనక్కి తిరిగి చూసి హడలిపోయాడు. సెమినారులో ఇచ్చిన ఎర్ర అట్ట పుస్తకం గబగబా తిరగేశాడు. నాలుగో పేజీలో ఉంది. "అందరూ ఒకేసారి మాటామంతీ లేకుండా నిలబడితే సమ్మె గుమ్మంలో ఉన్నట్టే. అప్పుడు మేనేజరు కూర్చోరాదు, కూర్చుంటే నిర్లక్ష్యమనుకుంటారు. ఏ కాగితం మీదా సంతకం చేయరాదు."

"దయచేసి కూర్చోండి, మాట్లాడుకుందాం," అన్నాడు.

"ముందు మీరు కూర్చోండి సార్," అన్నాడు కోటేశ్వరరావు వినయంగా.

నిషేధించిన మాట నలుగురిలో అనేసరికి ఇది పచ్చి వెటకారమని ట్రెవర్ అనుకున్నాడు. ఇవోన్ బల్ల దగ్గరికెళ్లి, కూర్చోకుండానే, సెమినారు నడిపిన నిపుణుడు రెజీకి ఫోను కలిపాడు. "ముందు ఎవరు లేచారు? అతనే నాయకుడు," అన్నాడు రెజీ. "అతను కూర్చున్నాడంటే మీరు గెలిచినట్టే. అందాకా ఒక్కొక్కటీ ఇస్తూ పోండి."

ఏది ముందివ్వాలో తేలక ట్రెవర్ పుస్తకం తిరగేస్తూ గదంతా తిరిగాడు గానీ, కోటేశ్వరరావు చేతిలోని కాగితం దరిదాపులకి రాలేదు. పదిన్నరకి కోటేశ్వరరావు బల్ల మీది ఫోను మోగింది. సీతాలక్ష్మి. ఆమె గొంతు ఫోనులో మాట్లాడినా, ఫోను లేకుండా మాట్లాడినా ఒక్కలాగే వినిపిస్తుంది.

"ఏవండీ, సైన్ చేశాడా?"

"ఇంకా లేదు. నిలబడే ఉన్నాను."

"అయితే అక్కడే నిలబడండి! ఆయన సైన్ చేసేదాకా కదలొద్దు!"

"కదలొద్దు" అన్న మాట మెర్విన్‌కి బాగా తెలుసు. చిన్నప్పుడు తలకి నూనె రాస్తూ నాయనమ్మ రోజూ అనేది. "సైన్" ఎలాగూ ఇంగ్లీషు మాటే. అతను ఆఫీసువైపు తిరిగి ప్రకటించాడు. "మేనేజరు సంతకం పెట్టేదాకా కదలొద్దని వాళ్లావిడ చెప్పింది!"

"హైబో!" అంది ఇవోన్ ముక్కున వేలేసుకుని. "ఆవిడ మనందరికన్నా గట్టిది."

ట్రెవర్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "సరే, శనివారాలు రద్దు."

అందరూ సంతోషంగా కోటేశ్వరరావు వైపు చూశారు. ట్రెవర్ నిలబడే ఉన్నాడు కాబట్టి ఆయనా నిలబడే ఉన్నాడు.

"టీ విరామం ఇరవై నిమిషాలు."

కోటేశ్వరరావు కాళ్లు లాగేస్తున్నాయి. అయినా కూర్చోలేదు.

"మీరు మీలో ఒక ప్రతినిధిని ఎన్నుకోండి. ఇకమీద ఏ నిర్ణయమైనా ఆ మనిషిని అడిగే తీసుకుంటాను. ఇంకేం కావాలి కోటేశ్?"

"సార్, నాకు ఈ కాగితం మీద..." అంటూ ఉత్తరం ముందుకి చాపాడు.

ట్రెవర్ రెండడుగులు వెనక్కి వేశాడు. "సంతకం తప్ప ఏదైనా అడుగు!"

గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. కోటేశ్వరరావుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అడగనివన్నీ ఇస్తున్న మనిషి అడిగిన ఒక్కటీ ఇవ్వడం లేదు. శరణ్య పాటా, నాలుగాకుల గోంగూరా, అన్నీ ఆ ఒక్క సంతకానికి వేలాడుతున్నాయి. పైగా ఇప్పుడు తను సమ్మె నాయకుడట! అలాంటివాడికి ఏ కంపెనీ ఉత్తరమిస్తుంది?

ఆ కళ్లలో నీళ్లు లచ్మన్ చూశాడు. కుంటుకుంటూ దగ్గరికొచ్చి, ఉంజింటో చెరకు తోటల్లో తాతల దగ్గర నేర్చిన తెలుగులో మెల్లగా అడిగాడు.

"ఏమి నాయనా, దొర కూచోలేదని నిలబడి ఉండావా నువ్వు?"

"అవునండీ," అన్నాడు కోటేశ్వరరావు. "ఆయన కూర్చోకుండా నేనెలా కూర్చుంటాను?"

లచ్మన్ భళ్లున నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. తర్వాత ఇంగ్లీషులో, "ట్రెవర్, ఆ పుస్తకం మూసి కూర్చో," అన్నాడు.

ఆ కంఠానికి ట్రెవర్ కూర్చున్నాడు. మరుక్షణం కోటేశ్వరరావు కూర్చున్నాడు. ఆయన వెనకే అందరూ కూర్చున్నారు. లచ్మన్ జరిగింది రెండు ముక్కల్లో చెప్పాడు. మెర్విన్ తల పట్టుకున్నాడు. ఇవోన్ పడీ పడీ నవ్వింది.

"అయితే శనివారాలు మళ్లీ పెట్టేస్తారా?" అన్నాడు మెర్విన్ బిక్కమొహంతో.

ట్రెవర్ ఎర్ర పుస్తకాన్ని సొరుగులో పడేశాడు. "లేదు," అన్నాడు. "నోటీసు పెట్టేముందే మిమ్మల్ని అడగాల్సింది. ఇచ్చినవి ఇచ్చినట్టే."

"మా తాత కూడా చెరకు తోటలో ఇట్లే నిలబడేది," అన్నాడు లచ్మన్ కోటేశ్వరరావు భుజం తట్టి. "దొర గుర్రం కనపడకుండా పోయేదాకా. ఏం కావాలని ఒక్కడూ అడగలా. నిన్ను అడిగినారు చూడు. అందుకే నేను నవ్వింది." ఆ మాటకి కోటేశ్వరరావుకి మళ్లీ కళ్లు చెమర్చాయి గానీ, ఈసారి భయంతో కాదు.

ట్రెవర్ ఉత్తరం తీసుకుని మొదటిసారి చదివాడు. "దీనికోసమా ఇంతసేపూ!" అని సంతకం చేసి, కింద ఒక వాక్యం కలిపాడు. "ఈయన లేకపోతే మా ఆఫీసులో ఎవరూ కుదురుగా కూర్చోరు." కోటేశ్వరరావు మెట్లు దూకుతూ పరిగెత్తి, పన్నెండుకి ఆరు నిమిషాలుండగా కాగితం ఇచ్చాడు. సాయంత్రం సీతాలక్ష్మి ఆ నాలుగాకులూ కోసి పచ్చడి చేసింది. తలా అర చెంచా వచ్చింది.

సోమవారం బిస్కట్ల డబ్బాలో ఓట్లు వేశారు. రెండేళ్ల కిందట అరవైకి దగ్గర పడ్డాక తొలిసారి ఓటేసిన లచ్మన్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. కోటేశ్వరరావుకి ఏడు ఓట్లు వచ్చాయి. ఎనిమిదోది ఆయన లచ్మన్‌కి వేశాడు.

మంగళవారం పదింటికి ఉద్యోగుల ప్రతినిధితో మేనేజరు మొదటి సమావేశం. కోటేశ్వరరావు ఫైలు పట్టుకుని వచ్చేసరికి ట్రెవర్ గౌరవంగా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సమావేశం పదీ నలభైకి మొదలైంది.